కరెంటు పోయిన మొదటి గంట

2021 ఫిబ్రవరిలో నేనొక ఫొటోను ఏడెనిమిది మందికి పంపాను. మంచు గడ్డకట్టి నిలిచిపోయిన గాలిమర, దాని పక్కనే గాలిలో నిలబడి రెక్కల మీదికి ఏదో ద్రవాన్ని చిమ్ముతున్న హెలికాప్టర్. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం అప్పుడు విపరీతమైన చలిలో, చీకట్లో ఉంది. చమురు తాగే యంత్రం వచ్చి కాపాడితే తప్ప తిరగలేని మరను నమ్ముకుంటే ఇంతేనని ఆ ఫొటో కింద నా తరఫున ఒక చురక కూడా తగిలించాను. పవన విద్యుత్తు మీద నాకు అప్పటికే ఉన్న అనుమానానికి ఆ ఫొటో దొరకడం ఎంతో సంతృప్తినిచ్చిందని ఇప్పుడు ఒప్పుకోవాలి. రెండు రోజుల తరవాత తెలిసిందేమిటంటే, అది టెక్సస్ ఫొటో కాదు, స్వీడన్‌ది. ఆ చలికాలంలో తీసిందీ కాదు, అంతకు కొన్నేళ్ల ముందుది. నేను పంపినవారిలో ఇద్దరికి సవరణ పంపాను. మిగిలినవారికి పంపడానికి మొహమాటం అడ్డొచ్చింది.

ఆ ఇబ్బంది ఒక విధంగా మేలే చేసింది. ఎక్కడైనా పెద్ద ఎత్తున కరెంటు పోయినప్పుడల్లా, నెలల తరవాత వెలువడే విచారణ నివేదికను వెతికి చదవడం అప్పటి నుంచి నాకు అలవాటైంది. నిద్ర పట్టనివారికి ఆ వందల పేజీలు మందులా పనిచేస్తాయన్న మాట నిజమే. అయినా నాలుగైదు చదివేసరికి ఒక సంగతి బోధపడింది. కరెంటు పోయిన మొదటి గంటలో జనం ఎవరిని బోనెక్కిస్తారో, నివేదిక చివరికి తేల్చే కారణం ఆ రూపంలో దాదాపు ఎప్పుడూ ఉండదు. కానీ జనం మనసులో నిలిచిపోయేది మాత్రం మొదటి గంటలో వచ్చిన తీర్పే. వాతావరణ మార్పు గురించి, ఇంధన విధానం గురించి మనం చేసే వాదనల్లో చాలా భాగం ఆ గంటలోనే గట్టిపడి, ఆ తరవాత ఎన్ని వాస్తవాలు వచ్చి తగిలినా చెక్కుచెదరకుండా ఉండిపోతుందని నాకు అనిపిస్తుంది.

టెక్సస్ సంగతే చూద్దాం. విద్యుత్ గ్రిడ్‌లో ఉత్పత్తి, వినియోగం ప్రతి క్షణమూ సరితూగాలి; ఆ తూకం ఎలా ఉందో చెప్పే నాడి ఫ్రీక్వెన్సీ. అమెరికాలో అది 60 హెర్ట్జ్ దగ్గర నిలకడగా ఉండాలి. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున ఉత్పత్తి కేంద్రాలు ఒకదాని వెంట ఒకటి ఆగిపోతుంటే అది 59.3కు పడిపోయింది. 59.4 కంటే దిగువన 4 నిమిషాల 23 సెకన్ల పాటు ఉండిపోయింది. తొమ్మిది నిమిషాలు అలాగే ఉండి ఉంటే, మిగిలిన జనరేటర్లు తమ యంత్రాలు పాడవకుండా వాటంతట అవే గ్రిడ్ నుంచి విడిపోయేవి, మొత్తం వ్యవస్థ కుప్పకూలేది. అలా జరగకుండా ఆపడానికి ఆపరేటర్లు ఒక దశలో 20,000 మెగావాట్ల సరఫరాను కావాలనే కోసేశారు. నలభై అయిదు లక్షల కనెక్షన్లకు కరెంటు లేకుండా పోయింది. రాష్ట్ర ప్రభుత్వం అధికారికంగా లెక్కగట్టిన మరణాలు 246.

ప్రజలు ఇంకా చలిలో వణుకుతుండగానే, ఫిబ్రవరి 16న గవర్నర్ గ్రెగ్ అబాట్ ఒక టీవీ కార్యక్రమంలో మాట్లాడుతూ నేరాన్ని గాలి, సౌర విద్యుత్తుల మీదికి నెట్టారు. నా ఫొటో కూడా ఆ గాలివాటులోదే. నవంబరులో కేంద్ర నియంత్రణ సంస్థలు వెలువరించిన నివేదిక చెప్పింది వేరు. ఆ చలికి దెబ్బతిన్న 1,045 ఉత్పత్తి యూనిట్లలో 58 శాతం సహజ వాయువుతో నడిచేవి. గాలిమరలూ గడ్డకట్టాయి, అందులో అబద్ధం లేదు. దెబ్బతిన్న యూనిట్లలో వాటి వంతు నాలుగో వంతుకు కాస్త ఎక్కువే. కానీ అసలు దెబ్బ పరికరాలు గడ్డకట్టడం వల్ల, గ్యాసు అందకపోవడం వల్ల తగిలింది. గ్యాసు ఎందుకు అందలేదన్న ప్రశ్నకు దొరికే జవాబు చదువుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. బావుల దగ్గర, పైపులైన్ల దగ్గర గ్యాసును కదిలించే యంత్రాలు కరెంటుతో నడుస్తాయి. భారం తగ్గించడానికి కరెంటు కోసినప్పుడు ఆ యంత్రాల్లో కొన్నింటికీ సరఫరా ఆగింది. గ్యాసు లేక కరెంటు తగ్గింది, కరెంటు లేక గ్యాసు ఇంకా తగ్గింది.

ఇక్కడ ఆగి ఆలోచించవలసిన సంగతి మరొకటి ఉంది, నా దృష్టిలో అదే అసలైనది. 2011 ఫిబ్రవరిలో కూడా టెక్సస్‌లో ఇలాగే చలికి యంత్రాలు ఆగి, కరెంటు కోతలు పడ్డాయి. ఆ ఏడాది వచ్చిన నివేదిక పరికరాలకు చలి తట్టుకునే రక్షణ కల్పించమని సిఫారసు చేసింది. సిఫారసు సిఫారసుగానే మిగిలింది. ఎందుకంటే ఆ రాష్ట్రపు విద్యుత్ మార్కెట్‌లో ఉత్పత్తిదారుకు డబ్బు వచ్చేది అమ్మిన కరెంటుకే గాని, అవసరం వచ్చినప్పుడు సిద్ధంగా నిలబడి ఉన్నందుకు కాదు. పదేళ్లకోసారి వచ్చే చలి కోసం గొట్టాలకు కవచాలు తొడిగించే ఖర్చు ఎవరు భరించాలి? తొడిగించినవాడు తొడిగించనివాడి కంటే ఖరీదుగా అమ్ముకోవలసి వస్తే మార్కెట్‌లో ఎన్నాళ్లు నిలుస్తాడు? అరుదైన ఆపదకు ముందే చెల్లించుకునే మూల్యం ఎంత వరకు సబబు? ఇంధన విధానం అంటే నిజానికి ఈ ప్రశ్నలే. వీటికి గాలిమర పక్షమూ లేదు, గ్యాసు పక్షమూ లేదు. చలి రక్షణను తప్పనిసరి చేస్తూ రాష్ట్రం చట్టం చేసింది 2021 ఘోరం తరవాతే. ఆ చట్టంలో ఏముందో, సరిపోతుందో లేదో చర్చించినవారిని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. గాలిమర గురించి మాట్లాడనివారు మాత్రం కనిపించలేదు.

అన్నట్టు, 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, కెనడాలో కలిపి అయిదు కోట్ల మందికి కరెంటు పోయింది. ఒహాయోలో వేడికి సాగి కిందికి వేలాడిన తీగలు కత్తిరించకుండా వదిలేసిన చెట్లకు తగలడం, అదే సమయానికి కంట్రోల్ రూములో హెచ్చరికలు ఇవ్వవలసిన సాఫ్ట్‌వేర్ మొరాయించడం అందుకు కారణాలు. నాలుగు చెట్లను, ఒక సాఫ్ట్‌వేర్‌ను అడ్డం పెట్టుకుని భూతాపం నిజమా కాదా అని ఎవరూ కొట్టుకోలేదు. అది వార్తగా వచ్చి, నియమాలు మారి, ముగిసిపోయింది.

దక్షిణ ఆస్ట్రేలియా అంత అదృష్టానికి నోచుకోలేదు. 2016 సెప్టెంబరు 28 సాయంత్రం పెనుగాలులకు, సుడిగాలులకు అక్కడ 20కి పైగా హైటెన్షన్ టవర్లు నేలకూలాయి. కొద్ది నిమిషాల్లో రాష్ట్రమంతా చీకటైపోయింది. అప్పటికే ఆ రాష్ట్రంలో పవన విద్యుత్తు వాటా ఎక్కువ కాబట్టి, మొదటి గంటలోనే రెండు శిబిరాలు సిద్ధమయ్యాయి. గాలిమరలను నమ్ముకున్నందుకు తగిన శాస్తి అని ఒక శిబిరం, టవర్లు కూలితే ఏ కరెంటైనా పోతుంది, గాలిమరల ప్రసక్తే లేదని రెండో శిబిరం.

2017 మార్చిలో వచ్చిన తుది నివేదిక ఈ రెండింటినీ నిరాశపరిచింది. తీగలు తెగినప్పుడల్లా వోల్టేజీ ఒక్కసారిగా కుంగి లేస్తుంది. రెండు నిమిషాల్లో ఆరుసార్లు అలా జరిగింది. గాలిమరల నియంత్రణ వ్యవస్థలో ఒక అమరిక ఉంది: కొద్ది వ్యవధిలో ఇన్నిసార్లకు మించి వోల్టేజీ కుంగితే, యంత్రాన్ని కాపాడుకోవడానికి ఉత్పత్తిని తగ్గించుకోవాలి. ఆ సంఖ్య దాటగానే తొమ్మిది పవన విద్యుత్ కేంద్రాలు ఏడు సెకన్ల లోపు 456 మెగావాట్లు తగ్గించాయి. ఆ లోటంతా పొరుగు రాష్ట్రం నుంచి వచ్చే లైను మీద పడింది, అధిక భారంతో అది విడిపోయింది, అంతటితో కథ ముగిసింది. గాలి వీయడం ఆగిపోవడం వల్ల ఇది జరగలేదు. నిజానికి గాలి అవసరానికి మించి వీస్తోంది. అలాగని గాలిమరలకు సంబంధమే లేదనడానికీ వీల్లేదు. తప్పు యంత్రాన్ని నడిపే ఒక అంకెలో ఉంది. అలాంటి అమరిక ఒకటి ఉందని గ్రిడ్‌ను నడిపేవారికే ఆ రోజు వరకు తెలియదు. తెలిశాక మార్చారు. గాలిమరలు అవే, గాలి అదే, అంకె మారింది.

నివేదిక రావడానికి ఒక నెల ముందే, 2017 ఫిబ్రవరిలో, ఆస్ట్రేలియా ఆర్థిక మంత్రి స్కాట్ మారిసన్ పార్లమెంటులోకి ఒక బొగ్గు ముక్కను తెచ్చి, ఇది బొగ్గు, దీన్ని చూసి భయపడకండంటూ ప్రదర్శించారు. ఆయన చేతిలోని బొగ్గును ప్రపంచమంతా చూసింది. నివేదికలోని వోల్టేజీ పట్టికను చూసినవారెవరు?

ఇప్పుడు నా రెండో తప్పు. 2025 ఏప్రిల్ 28న మధ్యాహ్నం 12.33కు స్పెయిన్, పోర్చుగల్ దేశాలు రెండూ చీకట్లో పడ్డాయి. అయిదు సెకన్ల వ్యవధిలో 15 గిగావాట్ల ఉత్పత్తి మాయమైందని, అది అప్పటి వినియోగంలో 60 శాతమని స్పెయిన్ ప్రధాని పెడ్రో సాంచెజ్ అదే రోజు ప్రకటించారు. సైబర్ దాడి అన్నారు కొందరు. అరుదైన వాతావరణ కంపనం అన్నారు ఇంకొందరు. ఆ మాటను ఏ సంస్థకు అంటగట్టారో ఆ సంస్థే తాము అనలేదని చెప్పుకోవలసి వచ్చింది. ఆ సమయానికి స్పెయిన్‌లో సగానికి పైగా ఉత్పత్తి సౌర ఫలకాల నుంచి వస్తోంది కాబట్టి, సాయంత్రానికల్లా నేరస్థుడు దొరికాడు. బడిలో భౌతిక శాస్త్రంతో పాటే మరిచిపోయిన జడత్వం అనే మాట ఆ రాత్రి అందరి నోటా వినిపించింది. పాత పద్ధతి కేంద్రాల్లో భారీ చక్రాలు తిరుగుతుంటాయి, తేడా వస్తే ఆ వేగమే కాసేపు ఆదుకుంటుంది, సౌర ఫలకాల్లో తిరిగేదేమీ లేదు, అందుకే కూలింది అన్నది వాదన. గాలిమర ఫొటోతో కాలిన చేయి కాబట్టి, నేను ఈసారి రెండో వైపు దూకాను. సౌర విద్యుత్తుకు దీనితో ఎలాంటి సంబంధమూ లేదని ఒక మిత్రుడితో గంటసేపు వాదించాను.

జూన్‌లో స్పెయిన్ ప్రభుత్వం, అక్టోబరులో యూరప్ గ్రిడ్ నిర్వాహకుల సంఘం ఇచ్చిన నివేదికలు మా ఇద్దరి వాదనలనూ పక్కన పెట్టాయి. అక్కడ జరిగింది కొరత కాదు, పొంగు. వోల్టేజీ పడిపోలేదు, పెరిగింది. హైటెన్షన్ లైన్ల మీద భారం తక్కువగా ఉన్నప్పుడు వోల్టేజీ పైకి పోతుంది. దాన్ని కిందికి లాగి పట్టుకోవడానికి కొన్ని కేంద్రాలు రియాక్టివ్ పవర్‌ను, అంటే ఏ పనీ చేయకుండా లైన్లలో అటూ ఇటూ ఊగుతూ వోల్టేజీని ఎత్తే విద్యుత్తును, పీల్చుకోవాలి. ఆ రోజు ఆ పని కోసం కేటాయించిన సంప్రదాయ కేంద్రాల్లో ఒకటి ముందు రోజే అందుబాటులో లేకుండా పోతే, దాని స్థానంలో మరొకదాన్ని పెట్టలేదు. ఉన్నవాటిలో కొన్ని పీల్చుకోవలసినంత పీల్చుకోలేదు. అంతకు అరగంట ముందు గ్రిడ్‌లో కనిపించిన ఊగిసలాటను అణచడానికి చేసిన ఏర్పాట్లే వోల్టేజీని మరికాస్త పెంచాయి. ఆ పెరుగుదలకు కొన్ని కేంద్రాలు విడిపోయాయి, అవి విడిపోవడంతో వోల్టేజీ ఇంకా పెరిగింది, ఇంకొన్ని విడిపోయాయి. యూరప్‌లో అధిక వోల్టేజీ ఇలా గొలుసుకట్టుగా పాకి గ్రిడ్‌ను కూల్చడం ఇదే మొదటిసారని నివేదిక రాసింది. జడత్వం మరికొంత ఉన్నా ఫలితం పెద్దగా మారేది కాదు.

మరి సౌర విద్యుత్తుకు సంబంధం లేదన్న నా వాదన? అదీ నిలవలేదు. సౌర కేంద్రాల్లోని ఇన్వర్టర్లకు, అంటే ఫలకాల కరెంటును గ్రిడ్‌కు పనికొచ్చేలా మార్చే పరికరాలకు, వోల్టేజీని సర్దే సామర్థ్యం ఉంది. కానీ స్పెయిన్‌లో అప్పటి నియమాల ప్రకారం అవి ఒక స్థిరమైన నిష్పత్తిలో నడవాలే తప్ప, వోల్టేజీని అదుపు చేసే పనిలో వేలు పెట్టకూడదు. దేశపు ఉత్పత్తిలో సగానికి పైగా మోస్తున్నవారిని చేతులు కట్టుకుని నిలబడమని, భారమంతా కొద్దిపాటి పాత కేంద్రాల మీద పెట్టిన నియమం అది. దాన్ని మార్చే ప్రతిపాదన ఏళ్ల తరబడి నలుగుతూ వచ్చింది. చివరికి 2025 జూన్‌లో, దేశం చీకటైన కొన్ని వారాలకు, ఆమోదం పొందింది.

తాటిచెట్టు మీద కాకి వాలడం, పండు రాలడం ఒకేసారి జరిగితే మనవాళ్లు కాకతాళీయం అన్నారు. మొదటి గంటలో జనం చేసేది కాకిని పట్టుకోవడమే: సౌర విద్యుత్తు ఎక్కువగా ఉన్నప్పుడు కూలింది, కాబట్టి సౌర విద్యుత్తే కూల్చింది. నివేదిక వచ్చాక చేసేది మరో రకం మోసం, దాన్ని ధర్మరాజు మనకు ఏనాడో చేసి చూపించాడు. సంప్రదాయ కేంద్రాలు తమ పని చేయలేదన్న వాక్యాన్ని ఒక పక్షం గట్టిగా చదువుతుంది, ఇన్వర్టర్లు వోల్టేజీని పట్టుకోలేదన్న వాక్యాన్ని ఇంకో పక్షం గట్టిగా చదువుతుంది. కుంజరః అన్నది ఇద్దరి గొంతులోనూ మెల్లగానే పలుకుతుంది. రెండు పక్షాలూ ప్రతిసారీ సమానంగా తప్పని నేను అనడం లేదు. టెక్సస్ విషయంలో గాలిమరలను నిందించినవారి తప్పు చాలా పెద్దది, నాతో సహా. తప్పొప్పుల పాళ్లు ప్రతి ఘటనకూ మారుతాయి. చదవకుండా తేలేవి కావు.

ఈ వాదన గ్రిడ్ దగ్గర ఆగితే నాకింత పట్టింపు ఉండేది కాదు. మూడు వాక్యాల్లో అది ఆకాశానికి ఎగబాకుతుంది: గ్రిడ్ కూలింది, కాబట్టి సౌర విద్యుత్తు పనికిరాదు, కాబట్టి భూతాపమంతా బూటకం. మొదటి వాక్యానికీ మూడోదానికీ మధ్య ఉన్న దూరాన్ని ఒక్క ఊపిరిలో దాటేస్తారు. కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుందని జాన్ టిండాల్ ప్రయోగశాలలో చూపింది 1859లో. అప్పటికి నగరాలకు కరెంటు ఇచ్చే గ్రిడ్ అన్నదే లేదు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో ఆ వాయువు పది లక్షల పాళ్లకు దాదాపు 315 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. స్పెయిన్‌లో కరెంటు పోయిన రోజు కూడా ఆ రేఖ ఎక్కుతూనే ఉంది.

ఈ ఎగబాకడం అవతలి వైపు నుంచీ జరుగుతుంది, అది నాకు మరింత చిరాకు. భూతాపం నిజం, కాబట్టి ఈ విధానమే సరైనది, కాబట్టి వోల్టేజీ గురించి అడిగేవాడు భూతాపాన్ని నమ్మనివాడు. టెక్సస్ చలిని పట్టుకుని భూతాపం అబద్ధమన్నవారు ఎందరో, అదే గంటలో ఆ చలి భూతాపం వల్లే వచ్చిందని ఖాయంగా ప్రకటించినవారూ అందరే. ఆర్కిటిక్ వేడెక్కడానికీ దిగువ ప్రాంతాలను తాకే అలాంటి చలిగాలులకూ ఉన్న సంబంధం శాస్త్రవేత్తల మధ్య ఇంకా నలుగుతున్న ప్రశ్న. వాతావరణ శాస్త్రం ఉద్గారాలను తగ్గించమని చెప్పగలదు. రియాక్టివ్ పవర్‌ను ఎవరు పీల్చాలో, అందుకు ఎవరికి ఎంత చెల్లించాలో చెప్పలేదు.

ఎక్కువ చదివితే ఈ జాడ్యం వదులుతుందా? డాన్ కహాన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 2012లో ప్రచురించిన అధ్యయనం అలాంటి ఆశకు గండి కొట్టింది. అమెరికన్లలో శాస్త్ర పరిజ్ఞానం, లెక్కల్లో నేర్పు ఎక్కువ ఉన్నవారి మధ్య వాతావరణ మార్పు విషయంలో ఏకాభిప్రాయం పెరగకపోగా, చీలిక ఇంకా వెడల్పుగా ఉందని వారు కనుగొన్నారు. తెలివి తమ పక్షాన్ని కాపాడుకోవడానికే ఖర్చవుతోందన్న మాట. ఆ మాట చదివినప్పుడు, జడత్వం గురించి మిత్రుడితో గంటసేపు వాదించిన మనిషి నాకు గుర్తొచ్చాడు. టెక్సస్ నాటి కంటే 2025 నాటికి నాకు గ్రిడ్ గురించి పదిరెట్లు ఎక్కువ తెలుసు. మొదటి గంటలో అది నాకు చేసిన ఉపకారమల్లా, తప్పును మరింత సాంకేతికమైన మాటల్లో చెప్పగలగడమే.

దక్షిణ ఆస్ట్రేలియాలో ఆ తరవాత ఏమైందో చెప్పకుండా వదిలితే అన్యాయం. 2017 చివరికి అక్కడ 100 మెగావాట్ల బ్యాటరీ వచ్చింది. అప్పటికి లిథియం-అయాన్ బ్యాటరీల్లో ప్రపంచంలోనే పెద్దది. దానిపై మళ్లీ రెండు శిబిరాలు వెలిశాయి. నిండుగా ఉన్న బ్యాటరీ పూర్తి శక్తితో నడిస్తే గంటన్నర కూడా రాదని వెక్కిరించారు కొందరు. సమస్య తీరిపోయిందని చంకలు గుద్దుకున్నారు మరికొందరు. దాని అసలు ఉపయోగం గంటల్లో కాదు, ఫ్రీక్వెన్సీ తడబడిన మొదటి సెకన్లలో. 2021లో అక్కడి డావెన్‌పోర్ట్, రాబర్ట్స్‌టౌన్ సబ్‌స్టేషన్లలో రెండేసి చొప్పున నాలుగు సింక్రనస్ కండెన్సర్లను నెలకొల్పారు. జనరేటర్‌ను పోలిన భారీ యంత్రాలవి. ఏ ఇంధనాన్నీ మండించవు, ఒక్క యూనిట్ కరెంటునూ పుట్టించవు. గ్రిడ్ నుంచే కొద్దిగా తీసుకుని గిర్రున తిరుగుతూ, వోల్టేజీని పట్టి ఉంచుతూ, తడబడినప్పుడు తమ జడత్వాన్ని అప్పిస్తూ ఉంటాయి. అవి వచ్చాక, గ్రిడ్ గట్టిదనం కోసం ఎప్పుడూ నడిపించక తప్పని గ్యాసు యూనిట్ల సంఖ్య నాలుగు నుంచి రెండుకు తగ్గింది. పవన, సౌర విద్యుత్తుల వాటా 2016లో ఉన్నదాని కంటే ఎంతో పెరిగినా గ్రిడ్ నిలబడుతోంది. ఆ కండెన్సర్ల ఫొటోలను నాకు ఇంత వరకు ఎవరూ పంపలేదు.